ముద్దాయిని మాట్లాడనివ్వండి: తెలుగు రాష్ట్రాల ఎంపీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల నుంచి లోక్‌సభ, రాజ్యసభల్లో ఉన్న గౌరవ సభ్యులకు,

నమస్కారం.

నేను టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైన ఉద్యోగిని. ప్రభుత్వ నిఘా గురించి, అందులో జరిగే తప్పును బయటపెట్టే ఉద్యోగి రక్షణ గురించి మీలో కొందరికి, సంబంధిత మంత్రిత్వ శాఖకు ఇంతకుముందే అర్జీలు పంపాను. అందినట్టు రసీదులు వచ్చాయి కానీ జవాబు దేనికీ రాలేదు. అందుకని ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

నా అభ్యర్థన ఏమిటో ముందే చెప్తాను. ప్రభుత్వం చట్టం దాటి జనం ఫోన్లు వింటోందని తెలిసిన ఉద్యోగి ఆ రహస్యాన్ని బయటపెడితే, అతన్ని విచారించవద్దని నేను అనడం లేదు. విచారించండి. కానీ ఎందుకు బయటపెట్టాడో జడ్జి ముందు చెప్పుకోనివ్వండి. ఆ కారణాన్ని కూడా లెక్కలోకి తీసుకుని తీర్పు ఇచ్చే అధికారం జడ్జికి ఇవ్వండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టంలో ఆ వీలు రాసి లేదు. రాయగలిగింది మీరే.

నిఘాను మిగతా తప్పులతో కలిపి చూడకూడదు. రేషన్ బియ్యం పక్కదారి పడితే క్యూలో నిలబడ్డ మనిషికి తెలుస్తుంది. రోడ్డు నాసిగా వేస్తే మొదటి వానకే ఊరందరికీ తెలుస్తుంది. ఫోన్ విన్నారన్న సంగతి మాత్రం ఆ ఫోన్ సొంతదారుకు జీవితాంతం తెలియకపోవచ్చు. తెలియనివాడు ఏమని ఫిర్యాదు చేస్తాడు? ఏ కోర్టుకు వెళ్తాడు?

అమెరికాలో కొందరు లాయర్లు, జర్నలిస్టులు, మానవ హక్కుల సంఘాలు కలిసి తమ విదేశీ సంభాషణలపై నిఘాకు వీలిచ్చే చట్టాన్ని సవాలు చేశారు. 2013 ఫిబ్రవరి 26న అక్కడి సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ కేసు కొట్టేసింది. మీ మీద నిఘా ఉందని మీరు రుజువు చూపలేకపోయారు, కాబట్టి కేసు వేసే అర్హత మీకు లేదు అన్నది కారణం. రుజువేమో ప్రభుత్వం దగ్గరే ఉంది, దాని మీద రహస్యం అన్న ముద్ర ఉంది. అదే ఏడాది మార్చి 12న సెనేట్ కమిటీలో, లక్షలాది అమెరికన్ల సమాచారం ఏదైనా సేకరిస్తున్నారా అని ఒక సెనేటర్ నేరుగా అడిగితే, నిఘా సంస్థలన్నింటి పైన ఉండే జేమ్స్ క్లాపర్ లేదని చెప్పారు. తెలిసి మాత్రం సేకరించడం లేదన్నారు. కోర్టు తలుపు అలా మూసుకుంది. చట్టసభకు ఇలాంటి సమాధానం దక్కింది.

ఆ జూన్ 5న గార్డియన్ పత్రికలో ఒక కోర్టు ఉత్తర్వు అచ్చయింది. వెరిజాన్ సంస్థ తన ఖాతాదారుల్లో ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు ఫోన్ చేశారో ఆ వివరాలన్నీ రోజూ జాతీయ భద్రతా సంస్థ ఎన్ఎస్ఏకు అప్పగించాలని అందులో ఉంది. బయటపెట్టింది హవాయిలో ఎన్ఎస్ఏ పని చేస్తున్న కాంట్రాక్టు ఉద్యోగి ఎడ్వర్డ్ స్నోడెన్. వయసు 29. నాలుగు రోజుల తర్వాత హాంకాంగ్ నుంచి తన పేరు తనే చెప్పుకున్నాడు. ఆ కాగితం చేతికొచ్చాక కోర్టుల్లో లెక్క మారింది. మీ మీద నిఘా ఉందని ఎలా తెలుసు అని అడిగే వీలు పోయింది. 2015 మే 7న అక్కడి అప్పీలు కోర్టు ఆ కార్యక్రమానికి చట్టం అనుమతి లేదని తేల్చింది. జూన్ 2న కాంగ్రెస్ చట్టం మార్చి కాల్ వివరాల మూకుమ్మడి సేకరణను ఆపింది. 2020 సెప్టెంబరులో మరో అప్పీలు కోర్టు కూడా అది చట్టవిరుద్ధమేనని చెప్పింది. కమిటీకి అలాంటి సమాధానం చెప్పిన అధికారి మీద కేసు లేదు. నిజం చెప్పిన ఉద్యోగి మీద మాత్రం 1917 నాటి గూఢచర్య చట్టం కింద కేసు ఉంది.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోవద్దు. స్నోడెన్ బయటపెట్టిన పత్రాల ప్రకారం 2013 మార్చి ఒక్క నెలలో ఎన్ఎస్ఏ మన దేశం నుంచి 630 కోట్ల సమాచార తునకలు పోగుచేసింది. ఎక్కువ సమాచారం తీసుకున్న దేశాల్లో మనది అయిదో స్థానం. వాషింగ్టన్‌లోని మన రాయబార కార్యాలయం కూడా నిఘా జాబితాలో ఉంది. అప్పటి మన విదేశాంగ మంత్రి సల్మాన్ ఖుర్షీద్ అది నిజానికి నిఘా కాదని, కాల్స్, ఈమెయిల్స్ తీరును కంప్యూటర్‌తో విశ్లేషించడమేనని అన్నారు. ఆశ్రయం కోసం స్నోడెన్ పెట్టుకున్న అర్జీని జులైలో మన ప్రభుత్వం తోసిపుచ్చింది. మన జనం మాటలు, మన రాయబారుల మాటలు ఎవరు వింటున్నారో మనకు తెలియజేసిన మనిషికి మనం ఇచ్చిన జవాబు అది. అప్పుడు అధికారంలో ఉన్నది ఒక కూటమి, ఇప్పుడు ఉన్నది మరో కూటమి. ఈ విషయంలో పార్టీల మధ్య తేడా నాకు కనబడలేదు.

ఇక మన ఇంటి సంగతి. ఫోన్ ట్యాపింగ్ వ్యక్తి గోప్యతపై తీవ్రమైన దాడి అని పౌర హక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు చెప్పింది. హోం కార్యదర్శి స్థాయి అధికారే ఉత్తర్వు ఇవ్వాలని, ఆ ఉత్తర్వును ఒక రివ్యూ కమిటీ పరిశీలించాలని నియమాలు పెట్టింది. 2007లో అవి 419ఎ రూలుగా మారాయి. 2024 డిసెంబరులో కొత్త టెలికాం చట్టం కింద వాటి స్థానంలో కొత్త రూల్స్ వచ్చాయి. రూల్ నంబర్లు మారాయి కానీ ఏర్పాటు అదే. ఉత్తర్వు ఇచ్చేది కార్యదర్శి, దాన్ని సమీక్షించేది కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి నాయకత్వంలోని కమిటీ. ఎక్కడా జడ్జి లేడు. విన్నాక ఆ మనిషికి చెప్పాలన్న నియమం లేదు. తెలంగాణ అంశంపై నివేదిక ఇచ్చిన జస్టిస్ శ్రీకృష్ణే 2018లో డేటా రక్షణ కమిటీకి నాయకత్వం వహించారు. ఆ కమిటీ నివేదికలో ఒక లెక్క ఉంది. సమాచార హక్కు కింద వచ్చిన జవాబు ప్రకారం కేంద్రం ఒక్కటే నెలకు 7,500 నుంచి 9,000 ట్యాపింగ్ ఉత్తర్వులు ఇస్తోంది. రెండు నెలలకోసారి కూర్చునే రివ్యూ కమిటీ ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు చూడాలి. అన్ని ఉత్తర్వులను అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టగల కమిటీ ఎక్కడైనా ఉంటుందా?

పైగా నిఘా విభాగాలకు సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు ఉంటే తప్ప. ఆ ఆరోపణ చేయడానికి లోపల ఏం జరిగిందో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

తెలంగాణలో 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో నమోదైన కేసు మీ అందరికీ తెలుసు. మావోయిస్టుల కదలికలు గమనించాల్సిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో నుంచి నాయకులు, జర్నలిస్టులు, వ్యాపారుల ఫోన్లు విన్నారని, చివరికి హైకోర్టు జడ్జిని కూడా వదల్లేదని ఆరోపణ. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారే వేళ హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది మరో ఆరోపణ. విషయం కోర్టుల ముందుంది, ఎవరు దోషులో నేను చెప్పను. నన్ను బాధపెట్టేది ఒక్కటే, అది బయటికొచ్చింది ప్రభుత్వం మారాక. ఎన్నికల ఫలితం వేరేగా ఉంటే ఈ ఆరోపణలు మన చెవిన పడేవా? 2015లో తమ ముఖ్యమంత్రి ఫోన్ ట్యాప్ చేశారని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ఆరోపించింది. అంటే ముఖ్యమంత్రులు, జడ్జీలు కూడా తమ ఫోన్ సంగతి తేల్చుకోలేని స్థితి ఇది. ఆటో డ్రైవరు, అంగన్‌వాడీ టీచరు ఏం చేయగలరు?

లోపలి మనిషి నోరు విప్పితేనే నిఘాలో తప్పు బయటపడుతుంది. ఆ మనిషి చేసేది శాసనోల్లంఘన. ఈ మాట తేలిగ్గా అనడం లేదు.

1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడులో పన్నుల నిరాకరణ జరిగింది. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వం, రైతుల పట్టుదల అందరూ చెప్పుకుంటారు. నాకు అంతకన్నా గొప్పగా కనిపించేది గ్రామోద్యోగుల తెగింపు. మునసబులు, కరణాలు మూకుమ్మడిగా రాజీనామాలు ఇచ్చారు. పన్ను వసూలు చేయాల్సిన చేతులే ఆ పని చేయబోమన్నాయి. సర్కారు సైన్యాన్ని దింపింది, భూములు జప్తు చేసింది. ప్రభుత్వం అన్యాయంగా నడుస్తుంటే దాని జీతం తీసుకునే మనిషి ఏం చేయాలన్న ప్రశ్నకు మన నేల మీద ఇచ్చిన జవాబు అది.

టెలిఫోన్ శాఖలో పని చేసిన మాకు ఇది ఇంకోలా అర్థమవుతుంది. పాత ఎక్స్ఛేంజీల్లో ఒక లైను వినాలంటే ఊరి ఫోన్ తీగలన్నీ వచ్చి కలిసే ఎండీఎఫ్ చట్రం దగ్గర జంపర్ తీగ కలిపే ఉద్యోగి ఒకడు ఉండాలి. ఉత్తర్వు ఎక్కడుంది సార్ అని అడిగే అవకాశం అతనికి ఉండేది. అందరూ అడిగారని నేను అనను. కానీ అడగగల మనిషి ఒకడు మధ్యలో ఉన్నాడు. ఇప్పుడు ఆ పని సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది. ఎన్ని వేల లైన్లకైనా నలుగురైదుగురు చాలు. అడగగల మనుషులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ల మనస్సాక్షి మీద భారం పెరుగుతుంది. వాళ్లకు రక్షణ కూడా ఆ మేరకు పెరగాలి.

శాసనోల్లంఘన చేసేవాడు చట్టం మీరానని ఒప్పుకుంటాడు, శిక్షకు సిద్ధపడతాడు, కారణం నలుగురికీ చెప్తాడు. 1922 మార్చి 18న అహ్మదాబాదులో గాంధీజీ చేసింది ఇదే. రాజద్రోహం కేసులో నేరం ఒప్పుకున్నారు, సుదీర్ఘమైన ప్రకటన చదివారు, అత్యధిక శిక్ష వేయమన్నారు. జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ మొత్తం విని, గౌరవంగా మాట్లాడి, ఆరేళ్లు వేశారు. ఆ మరుసటి ఏడాదే అధికార రహస్యాల చట్టం వచ్చింది. అందులో 5వ సెక్షన్ చూడండి. రహస్య సమాచారాన్ని అధికారం లేని మనిషికి చెప్పడమే నేరం. చెప్పడం వల్ల దేశానికి నష్టం జరిగిందా, మేలు జరిగిందా అన్న ప్రశ్నకు అక్కడ చోటు ఇవ్వలేదు. 14వ సెక్షన్ కింద విచారణ సమయంలో జనాన్ని కోర్టు గదిలోంచి బయటికి పంపవచ్చు. పరాయి పాలనలో రాజద్రోహం ముద్దాయి బహిరంగ కోర్టులో తన కారణం చదవగలిగాడు. స్వతంత్ర భారతంలో ఫోన్ ట్యాపింగ్ బయటపెట్టిన ఉద్యోగికి ఆ హామీ కూడా లేదు.

అమెరికాలోనూ ఇదే చిక్కు. వియత్నాం యుద్ధ రహస్యాలు, దాదాపు 7,000 పేజీలు, 1971లో పత్రికలకు ఇచ్చిన డేనియల్ ఎల్స్‌బర్గ్ పారిపోలేదు, తనే వెళ్లి లొంగిపోయారు. ఆ కాగితాలు ఎందుకు కాపీ చేశారని ఆయన లాయరే విచారణలో అడిగితే, అది ఈ కేసుకు సంబంధం లేని ప్రశ్న అని జడ్జి అడ్డుకున్నారు. 1973 మే 11న ఆ కేసు కూలిపోయింది. ఆయన మానసిక వైద్యుడి ఆఫీసులో ప్రభుత్వ మనుషులు దొంగతనానికి చొరబడ్డారని, ఆయన మాటలు ట్యాపింగ్‌లో విన్నారని బయటపడటమే అందుకు కారణం. నిజాయితీగా నిలబడ్డ మనిషిని కాపాడింది చట్టం కాదు, ప్రభుత్వం చేసిన నేరం. ఆ అదృష్టం అందరికీ ఉండదు. ఎన్ఎస్ఏలోనే పనిచేసిన థామస్ డ్రేక్ పై అధికారులకు, కాంగ్రెస్ కమిటీలకు, రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు, అందరికీ పద్ధతి ప్రకారం చెప్పుకున్నారు. 2010లో ఆయన మీదే గూఢచర్య చట్టం కింద కేసు పెట్టారు. ఏడాదికి పెద్ద అభియోగాలన్నీ ఎత్తేశారు కానీ అప్పటికి ఉద్యోగం పోయింది. ఒక యాపిల్ స్టోర్‌లో పనికి కుదిరారు.

స్నోడెన్ రష్యాలో ఉన్నాడు కాబట్టి అతనిది శాసనోల్లంఘన కాదని కొందరంటారు. అడగాల్సిన ప్రశ్నే. శిక్షకు నిలబడటం ఈ మార్గంలో ముఖ్యమైన భాగమని నేనూ నమ్ముతాను. పాస్‌పోర్టు రద్దవడంతో అతను మాస్కో విమానాశ్రయంలో చిక్కుకుపోయాడన్నది నిజం. ఆ తర్వాత 2022లో, ఉక్రెయిన్ మీద యుద్ధం జరుగుతుండగా, పుతిన్ అతనికి పౌరసత్వం ఇచ్చారన్నదీ నిజం. అది నాకు మింగుడుపడదు. అయితే ప్రజాహితం కోసం చేశానని జ్యూరీకి చెప్పుకునే వీలిస్తే తిరిగొచ్చి విచారణ ఎదుర్కొంటానని అతను ఎన్నోసార్లు చెప్పాడు. అమెరికా ఆ హామీ ఇవ్వలేదు. వాదన వినని కోర్టు ముందు నిలబడమని బయటి నుంచి సలహా ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

లీకులన్నీ ఒకటి కావు. 2011లో వికీలీక్స్ రెండున్నర లక్షల దౌత్య కేబుల్స్‌ను, అంటే రాయబార కార్యాలయాల రహస్య సందేశాలను, పేర్లు కూడా చెరపకుండా జనంలోకి వదిలింది. నమ్మి మాట్లాడిన మనుషుల ప్రాణాలు లెక్కచేయని ఆ పనిని నేను సమర్థించను. స్నోడెన్ తీసుకెళ్లిన పత్రాల్లో సొంత పౌరుల మీద నిఘాతో సంబంధం లేనివే ఎక్కువని అమెరికా ప్రతినిధుల సభ ఇంటెలిజెన్స్ కమిటీ తప్పుపట్టింది. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. అయినా అతను వాటిని నేరుగా ఇంటర్నెట్‌లో గుమ్మరించలేదు, ఏది అచ్చు వేయాలో తేల్చమని జర్నలిస్టుల చేతికి ఇచ్చాడు. బ్రిటన్‌లో నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూ ఉద్యోగిని కేథరిన్ గన్ తీసింది ఒకే ఒక్క ఈమెయిల్. ఇరాక్ యుద్ధం మీద ఓటు వేయాల్సిన దేశాల ప్రతినిధుల మీద ఐక్యరాజ్యసమితిలో నిఘాకు సాయం చేయమని అందులో ఎన్ఎస్ఏ అడిగింది. పత్రికలో వచ్చాక ఆమె తనే ఒప్పుకుంది, దేశంలోనే ఉంది, కోర్టుకు వచ్చింది. 2004 ఫిబ్రవరిలో ప్రాసిక్యూషన్ సాక్ష్యం పెట్టబోమని చెప్పి కేసు వదులుకుంది. నా దృష్టిలో ఆదర్శం ఆమె. చట్టవిరుద్ధమైన పనిని చూపించడానికి కావాల్సినంతే తీయాలి. ఇన్‌ఫార్మర్ల పేర్లు, నడుస్తున్న ఆపరేషన్ల వివరాలు ముట్టుకోకూడదు. డబ్బు తీసుకోకూడదు. వీలుంటే ముందు లోపల చెప్పాలి. ఇవన్నీ పాటించాడా లేదా అన్నది జడ్జి తూచాలి. ఇప్పుడు జడ్జి చేతికి ఆ తక్కెడ ఇవ్వలేదన్నదే నా గోడు.

ఈ లోటు వల్ల మామూలు మనుషులకు ఏమవుతోందో చెప్తాను.

1. ముందు నలిగేది చిన్న ఉద్యోగి. ఉత్తర్వు లేకుండా ఈ నంబరును ట్యాపింగ్‌లో పెట్టు అని పై అధికారి నోటిమాటగా చెప్తాడు. కాదంటే బదిలీ. ఔనంటే రేపు ప్రభుత్వం మారాక ముద్దాయి. బయట చెప్తే 5వ సెక్షన్, మూడేళ్ల దాకా జైలు. పిల్లల చదువు, ఇంటి లోను ఉన్న కానిస్టేబుల్‌ను, కంప్యూటర్ ఆపరేటర్‌ను ఇలాంటి చోట నిలబెట్టి నిజాయితీగా ఉండమనడం న్యాయం కాదు.

2. చెప్పినవాడు బతకడం లేదు. స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అక్రమాల గురించి ఇంజినీరు సత్యేంద్ర దూబే నేరుగా ప్రధాన మంత్రి కార్యాలయానికి రాశారు. తన పేరు రహస్యంగా ఉంచమని వేడుకున్నారు. పేరు రహస్యంగా ఉండలేదు. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. ఆ హత్య మీద దేశమంతా అట్టుడికితే 2004లో తాత్కాలికంగా ఒక తీర్మానం వచ్చింది. పదేళ్లకు, 2014 మే 9న, తప్పును బయటపెట్టేవాళ్లను కాపాడే విజిల్ బ్లోయర్స్ రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. అధికార రహస్యాల చట్టం ఏం చెప్పినా సరే, ఉద్యోగి తగిన అధికారికి ఫిర్యాదు చేయవచ్చని అందులో స్పష్టంగా ఉంది. ఆ చట్టం ఇప్పటికీ అమల్లోకి రాలేదు. అమలు తేదీని కేంద్రం గెజిట్‌లో ప్రకటించాలి, ప్రకటించలేదు. పైగా 2015లో ఆ కాస్త రక్షణను కూడా తగ్గించే సవరణ బిల్లును లోక్‌సభ ఆమోదించింది. అది చట్టం కాలేదు, అంతవరకు సంతోషం.

3. అసలు లీకులతో సంబంధమే లేనివాళ్లు ఈ పాత చట్టంలో ఇరుక్కుంటున్నారు. జర్నలిస్టు ఇఫ్తికార్ గిలానీని 2002 జూన్‌లో అరెస్టు చేశారు. ఆయన కంప్యూటర్‌లో దొరికిన ఆ రహస్య పత్రం ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరికేదే. అయినా దాదాపు ఏడు నెలలు జైల్లో ఉన్నారు. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను 1994లో అరెస్టు చేశారు. ఆ కేసు అబద్ధమని సీబీఐ 1996లోనే చెప్పింది. 50 లక్షల పరిహారం ఇవ్వమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2018 సెప్టెంబరు వచ్చింది. ఈ మధ్యలో పోయిన ఏళ్లను ఎవరిస్తారు?

4. జనం ఫోన్‌లో మాట్లాడటం మానేస్తారు. భూమి తగాదాలో ఉన్న రైతు లాయరుతో, వేధింపులు పడుతున్న ఉద్యోగిని విలేకరితో వాట్సాప్ కాల్ చేయనా అని అడుగుతున్నారు. 2021 జులైలో, ఫోన్‌లోకి రహస్యంగా దూరే పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్‌కు గురయ్యాయని అనుమానించిన నంబర్ల జాబితా బయటికొచ్చాక ఆ టెన్షన్ ఇంకా పెరిగింది. సుప్రీంకోర్టు వేసిన సాంకేతిక కమిటీ 29 ఫోన్లు పరీక్షించి అయిదింటిలో మాల్‌వేర్ ఉందని చెప్పింది. అది పెగాససే అని తేల్చలేకపోయింది. ప్రభుత్వం సహకరించలేదని ఆ కమిటీ నమోదు చేసింది. పూర్తి నివేదిక ప్రజల ముందుకు రాలేదు. ఆ అయిదు ఫోన్లలోకి ఎవరు దూరారు? జవాబు తెలిసినవాళ్లు ఎక్కడో ఉన్నారు, చెప్పే దారే వాళ్లకు లేదు.

ఇక మిమ్మల్ని అడుగుతున్నవి.

1. విజిల్ బ్లోయర్స్ రక్షణ చట్టాన్ని వెంటనే అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ ఇవ్వాలి. మీ రెండు సభలూ ఆమోదించిన చట్టాన్ని ఇన్నేళ్లు పక్కన పెట్టడం మీ సభలకే అగౌరవం. 2015 నాటి సవరణలను మళ్లీ తేకూడదు.

2. అధికార రహస్యాల చట్టాన్ని మార్చాలి. దాన్ని రద్దు చేయమని 2006లో వీరప్ప మొయిలీ నాయకత్వంలోని రెండో పరిపాలనా సంస్కరణల సంఘమే సిఫార్సు చేసింది. రద్దు చేయలేకపోతే కనీసం 5వ సెక్షన్‌లో రెండు మాటలు చేర్చండి. దేశ భద్రతకు నిజమైన నష్టం జరిగిందని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. ప్రజాహితం కోసం చేశానని చెప్పుకునే హక్కు ముద్దాయికి ఉండాలి. కెనడా చట్టంలో ఇలాంటి రక్షణ ఉంది. మన 5వ సెక్షన్‌కు మూలమైన బ్రిటన్ 1911 చట్టంలోని 2వ సెక్షన్‌ను బ్రిటనే 1989లో తీసేసింది. అంతకు నాలుగేళ్ల ముందు క్లైవ్ పాంటింగ్ కేసు నడిచింది. ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటన్ ముంచిన అర్జెంటీనా యుద్ధనౌక బెల్‌గ్రానో కాగితాలను ఆ అధికారి పంపింది ఒక పార్లమెంటు సభ్యుడికి. ప్రభుత్వం చెప్పిందే ప్రజాహితమని జడ్జి అన్నా జ్యూరీ ఆయన్ని నిర్దోషిగా వదిలేసింది. రేపు మీకే ఎవరైనా అలాంటి కవరు పంపితే, పంపినవాడి గతేమిటో ఒక్కసారి ఆలోచించండి. మన దగ్గర జ్యూరీ కూడా లేదు. రాఫెల్ యుద్ధ విమానాల కొనుగోలు కేసులో పత్రికలో వచ్చిన రహస్య పత్రాలను చూడవచ్చని 2019 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు చెప్పింది. కాగితానికి కోర్టులో చోటు దొరికింది, కాగితం ఇచ్చిన మనిషికి రక్షణ ఇంకా దొరకలేదు.

3. ట్యాపింగ్ ఉత్తర్వుకు జడ్జి అనుమతి తప్పనిసరి చేయండి. అత్యవసరమైతే ముందు మొదలుపెట్టి కొద్ది రోజుల్లో అనుమతి తీసుకోవచ్చు. విచారణ ముగిశాక, భద్రతకు ఇబ్బంది లేనప్పుడు, ఫోన్ సొంతదారుకు తెలియజేయాలి. అమెరికాలో నేర దర్యాప్తు ట్యాపింగ్‌లో అది ముగిసిన 90 రోజుల్లోపు చెప్పడం మామూలు నియమం, వాయిదా వేయాలంటే జడ్జిని అడగాలి.

4. ఎన్ని ఉత్తర్వులు ఇచ్చారో, ఎన్నింటిని రివ్యూ కమిటీ తోసిపుచ్చిందో ఏటా పార్లమెంటు ముందు, రెండు రాష్ట్రాల శాసనసభల ముందు పెట్టాలి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు.

5. 1887 నుంచి నడుస్తున్న ఇంటెలిజెన్స్ బ్యూరోకు ఇప్పటిదాకా సొంత చట్టం లేదు. నిఘా సంస్థలు పార్లమెంటుకు జవాబుదారీగా ఉండాలని 2010లో ఉపరాష్ట్రపతి హోదాలో హమీద్ అన్సారీ చెప్పారు. అన్ని పార్టీల సభ్యులతో ఒక స్థాయీ సంఘం పెట్టండి. లోపలి ఉద్యోగి తన పై అధికారిని దాటి నేరుగా ఆ సంఘానికి చెప్పుకునే దారి ఉండాలి. ఆ దారి నిజంగా పనిచేస్తే పత్రికలకు లీక్ చేయాల్సిన అవసరమే చాలామందికి రాదు.

6. ట్యాపింగ్ కేసుల్లో నిజం చెప్పడానికి ముందుకొచ్చే కింది స్థాయి సిబ్బందికి సాక్షులుగా రక్షణ ఇవ్వమని మీ రాష్ట్ర ప్రభుత్వాలను అడగండి. అధికార పక్షంలో ఉన్న సభ్యులు ముందుగా అడగాలి.

వచ్చే సమావేశాల్లో మీలో ఒక్కరైనా మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన నక్షత్ర ప్రశ్న ఒకటి వేయండి. విజిల్ బ్లోయర్స్ రక్షణ చట్టాన్ని ఏ తేదీ నుంచి అమలు చేస్తారు, ఇన్నాళ్లు ఎందుకు ఆపారు, ఆపమని ఎవరు చెప్పారు. మంత్రి ఇచ్చే జవాబును తెలుగులో మీ నియోజకవర్గ ప్రజలకు తెలియజేయండి. ప్రశ్న వేయడం కుదరకపోతే ఎందుకు కుదరలేదో అదీ రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగి